సీజన్ మొదలయ్యేలోపే కెమికల్ సప్లయర్‌ను తేల్చుకోండి

కార్పెట్ క్లీనింగ్ పనిలో బుకింగులు ఒక్కసారిగా మీద పడే రోజులుంటాయి. సరిగ్గా అప్పుడే స్టాక్ అయిపోతుంది. ఎప్పుడూ ఇచ్చే సప్లయర్ ఫోన్ ఎత్తడు. ఇంకొకరు వచ్చి "అదే సరుకు, ఇంకా తక్కువకే" అని క్యాన్ దింపి వెళ్తారు. నాకు నష్టం జరిగింది అలాంటి రోజునే. అయితే ఆ క్యాన్ కొత్తవాళ్లది కాదు, నేను నమ్మిన పాత సప్లయర్‌దే. లేబుల్ పాతదే, రంగూ పాతదే, వాసన మాత్రం కాస్త ఘాటుగా ఉంది. తొందరలో పట్టించుకోలేదు. అది వేసిన ఉన్ని కార్పెట్‌లో ఎర్ర రంగు పక్కనున్న తెల్ల పూలలోకి దిగిపోయింది. తర్వాత పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) చూస్తే 11 దాటింది. "ఫార్ములా మార్చాం, చెప్పడం మర్చిపోయాం" అన్నారు. ఆ కార్పెట్ ఒక పెద్దావిడకు వాళ్లమ్మ ఇచ్చినది. నేను డబ్బు కట్టగలిగాను కానీ కార్పెట్‌ను వెనక్కి ఇవ్వలేకపోయాను.

అందుకే, పని తక్కువగా ఉన్న రోజుల్లోనే సప్లయర్ల సంగతి చూసుకోండి.

మొదట అడగాల్సింది ధర కాదు, సేఫ్టీ డేటా షీట్. ఇందులో 16 భాగాలుంటాయి. అన్నీ కంఠతా రానక్కర్లేదు. 2వ భాగంలో ప్రమాదాలు, 3లో పదార్థాలు, 4లో ప్రథమ చికిత్స, 8లో గ్లవ్స్, కళ్లద్దాల వంటి రక్షణ, 9లో పీహెచ్ వంటి గుణాలు ఉంటాయి. ఈ ఐదూ కూర్చుని చదవండి. షీట్ మీది పేరు, లేబుల్ మీది పేరు ఒకటేనా, తేదీ మరీ పాతదా అన్నది చూడండి. షీట్ ఇవ్వడానికి వారాలు నాన్చేవాళ్ల దగ్గర నేను కొనను. పనిలో మీ కుర్రాడి కంట్లో క్లీనింగ్ మందు పడితే డాక్టరు ముందు అడిగేది అందులో ఏముందనే.

"అంతా సహజమైనదే, ఏ ప్రమాదమూ లేదు" అన్న మాటకు మెత్తబడకండి. నారింజ తొక్కల నుంచి తీసే లిమొనీన్ సహజమైనదే. అయినా దానికి నిప్పంటుకుంటుంది, చర్మం మండుతుంది, ఎక్కువగా పోస్తే కార్పెట్ వెనక పొరను పట్టి ఉంచే జిగురు కరిగి పొర ఊడిపోతుంది.

ఇక పీహెచ్. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువ నష్టాలు ఇక్కడే జరుగుతాయి. 7 అంటే మధ్యస్థం. అక్కడి నుంచి ఒక్కో అంకె పెరిగితే క్షార గుణం పదింతలవుతుంది. 9కీ 11కీ తేడా రెండంకెలే అనిపిస్తుంది కానీ అది వందరెట్లు. ఉన్ని, పట్టు మన జుట్టులాగే ప్రోటీన్‌తో అయినవి. ఘాటైన క్షారం తగిలితే పోగు దెబ్బతింటుంది, రంగు వదులుతుంది. ఉన్నికి 8.5 దాటనివ్వకపోవడం మంచిది. క్లోరిన్ బ్లీచ్ అయితే ఉన్నిని ఏకంగా కరిగించేస్తుంది. సప్లయర్ చెప్పే పీహెచ్ చిక్కటి మందుదా, నీళ్లు కలిపాకదా అన్నది తప్పకుండా అడగండి. ఈ రెండూ కలిపేసి మాట్లాడేవాళ్లు చాలామంది.

మరక అంటకుండా ముందే పూత వేసిన నైలాన్ కార్పెట్లు ఉంటాయి. వాటి మీద క్యాటయానిక్ (ధన విద్యుదావేశం ఉన్న) రకం మందులు వాడితే ఆ పూత గుణం పోతుంది. ఆప్టికల్ బ్రైటనర్ (తెల్లగా మెరిసేలా చేసే రసాయనం) కలిపిన షాంపూలు మొదట మెరుపు చూపించినా, కొన్నాళ్లకు కార్పెట్ పసుపు తేలవచ్చు. సప్లయర్ లేదన్నా మీరే చూడొచ్చు. చీకటి గదిలో గాజు గిన్నెలో కాస్త పోసి అల్ట్రావయొలెట్ టార్చ్ వేయండి. నీలంగా వెలిగితే అనుమానించాలి. తెల్ల గుడ్డ మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి, బట్టల్లోనే బ్రైటనర్ ఉంటుంది.

శాంపిల్ తీసుకోకుండా ఆర్డర్ పెట్టకండి. వాడే మోతాదులో నీళ్లు కలిపి గాజు పలక మీద పోసి పూర్తిగా ఆరనివ్వండి. పెళుసుగా, పొడిలా మిగిలితే వాక్యూమ్‌కు వస్తుంది. వేలికి జిగటగా అంటితే కార్పెట్‌లోనూ అలాగే మిగిలి మట్టిని లాగుతుంది. "మీరు శుభ్రం చేశాక ఇంకా తొందరగా మాసింది" అనే ఫిర్యాదులకు చాలాసార్లు ఈ జిగటే కారణం.

ధర పోల్చేటప్పుడు క్యాన్ ధర చూడకండి, వాడకానికి సిద్ధమైన లీటరుకు ఎంత పడుతుందో లెక్క వేయండి. లీటరు మందుకు 10 లీటర్ల నీళ్లు కలిపితే 11 లీటర్లు వస్తుంది. 40 కలిపే రకమైతే 41 వస్తుంది. రెండోది రెండింతల ధర చెప్పినా మీకు చవకే.

తుప్పు మరకల మందు విషయంలో మాత్రం భయపడాల్సిందే. కొన్నింటిలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గానీ అమ్మోనియం బైఫ్లోరైడ్ గానీ ఉంటుంది. చర్మంలోంచి లోపలికి దిగి శరీరంలోని క్యాల్షియాన్ని పట్టేస్తుంది, గుండె లయ కూడా తప్పవచ్చు. పల్చగా ఉన్నప్పుడు నొప్పి గంటల తర్వాత గానీ తెలియకపోవచ్చు. ఒంటి మీద పడితే వెంటనే ధారగా నీళ్లతో కడిగి, క్యాల్షియం గ్లుకోనేట్ జెల్ రాసి, నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. ఈ మందు అమ్ముతూ ఆ జెల్ పేరే ఎత్తని సప్లయర్‌ను నేను నమ్మను. వీలైతే ఈ రకం వద్దనే నా మాట.

మరకలు అంటకుండా వేసే ప్రొటెక్టర్లలో పీఫాస్ (ప్రకృతిలో తొందరగా విరిగిపోని ఫ్లోరిన్ రసాయనాలు) ఉందా అని రాతపూర్వకంగా అడగండి. వీటిని ఎంతోకాలం తయారు చేసిన 3ఎం కంపెనీయే 2025 చివరికల్లా ఆ తయారీ నుంచి తప్పుకుంటామని 2022 డిసెంబరులో ప్రకటించింది. కస్టమర్లు అడుగుతున్నారు, మన దగ్గర జవాబుండాలి.

పెరాక్సైడ్ మందులు నిలవ ఉంటే పదును తగ్గుతాయి. తయారీ తేదీ చూసి, రెండు మూడు నెలలకు సరిపడానే కొనండి. మూతకు గాలి వదిలే ఏర్పాటు లేకపోతే డబ్బా ఉబ్బుతుంది.

రెండో సప్లయర్‌ను కూడా ఇప్పుడే పరీక్షించి పెట్టుకోండి. కానీ ఇద్దరి మందులూ ఒకే ట్యాంకులో కలపకండి. బ్లీచ్‌కు ఆమ్లం తగిలితే క్లోరిన్ గ్యాస్, అమ్మోనియా తగిలితే క్లోరమైన్ వస్తాయి. మూసిన గదిలో రెండూ ప్రాణాంతకమే.

సరుకు దిగిన రోజున ఐదు నిమిషాలు కేటాయించండి. సీలు, బ్యాచ్ నంబరు చూడండి. కొత్త బ్యాచ్ అయితే పీహెచ్ స్ట్రిప్ ముంచి, అంకెను పుస్తకంలో రాసుకోండి. చిన్న సీసాలో కొంచెం తీసి తేదీ అంటించి దాచండి, రేపు గొడవ వస్తే అదే మీ సాక్ష్యం. లేబుల్ లేని క్యాన్ గానీ, మంచినీళ్ల సీసాలో పోసి ఇచ్చిన మందు గానీ వస్తే లోపలికి తేకుండా గుమ్మం దగ్గరే వెనక్కి పంపండి.