కార్న్ స్నేక్ రంగుల లెక్క – 4వ పాఠం: ‘66 శాతం హెట్’ అంటే

ఈ వారం రెండు లక్షణాలను కలిపి లెక్క వేయడం మొదలుపెడదాం అనుకున్నాను. పోయిన పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక, ముందు అక్కడే ఆగాల్సి వచ్చింది. కార్న్ స్నేక్ అనే పెంపుడు పాములో నలుపు రంగు లేనిదాన్ని అమెల్ అంటాం. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువు వస్తేనే పిల్ల అమెల్ అవుతుంది. ఒక్కరి నుంచే వస్తే పైకి మామూలుగానే ఉంటుంది, దాన్ని హెట్ అంటాం. ప్రశ్న ఇది: హెట్ అమెల్ తల్లి, హెట్ అమెల్ తండ్రి, 12 గుడ్లు. అమెల్ పిల్లలు ఎన్ని? దాదాపు అందరూ ‘కచ్చితంగా 3’ అని రాశారు. ఒకరైతే తమ ఇంట్లో 8 గుడ్లు పొదిగితే ఒక్క అమెల్ కూడా రాలేదని, అమ్మినవాళ్లు మోసం చేశారేమోనని టెన్షన్ పడుతున్నారు.

అప్పుడే మోసం అనకండి. నాలుగో వంతు అనే లెక్క గుడ్లన్నిటికీ కలిపి కాదు, ఒక్కో గుడ్డుకు. తల్లి ఒక నాణెం, తండ్రి ఒక నాణెం ఎగరేసినట్టు, బొరుసు అంటే అమెల్ జన్యువు. రెండూ బొరుసు పడితేనే నలుపు లేని పిల్ల. పక్క గుడ్డులో ఏం పడిందో ఈ గుడ్డుకు సంబంధం లేదు. ఒక గుడ్డు అమెల్ కాకపోయే అవకాశం 3/4. దాన్ని ఎనిమిదిసార్లు వేసి గుణిస్తే సుమారు 10 శాతం. అలాంటి జంటలు పది ఉంటే ఒకరికి ఇలా జరగడం మామూలే.

మరి ఆ 8 మామూలు పిల్లల డబ్బాల మీద ఏం రాయాలి? ‘66 శాతం హెట్’ అని. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. పాలలో నీళ్లు కలిసినట్టు పిల్లలో మూడింట రెండు వంతుల జన్యువు ఉందని అర్థం కాదు. జన్యువు ఉంటే ఉంది, లేకపోతే లేదు. రెండు నాణేలు నాలుగు రకాలుగా పడతాయి: బొమ్మ-బొమ్మ, బొమ్మ-బొరుసు, బొరుసు-బొమ్మ, బొరుసు-బొరుసు. చివరిది అమెల్, కంటికే తెలుస్తుంది. మిగిలిన మూడింటిలో రెండు హెట్, ఒకటి కాదు. ఏది ఏదో చూసి చెప్పలేం. 66 అనేది మన అనుమానానికి కొలత, పాముకు కాదు.

తేల్చుకోవాలంటే పెద్దయ్యాక దాన్ని అమెల్‌తో జత కట్టాలి. ఒక్క అమెల్ పిల్ల పుట్టినా హెట్ అని తేలిపోయినట్టే. 6 గుడ్లలో ఒక్కటీ రాకపోతే? నిజంగా హెట్ అయితే అలా జరిగే అవకాశం 64లో ఒకటి. నేను అక్కడితో ఆశ వదులుకుంటాను. అసలు 66 శాతం పాములు నేను కొననే కొనను. తల్లో తండ్రో అమెల్ అయితే మామూలుగా కనిపించే పిల్లలన్నీ హెట్టే, అనుమానమే ఉండదు.

ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక మాట. మన జెర్రిపోతు, కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. వాటిని పట్టి ఈ లెక్కలు పరీక్షించకండి.

ఇక స్నో. నలుపు లేని అమెల్, ఎరుపు లేని అనెరీ వేర్వేరు జన్యువులు. రెండు లక్షణాలూ ఒకే పిల్లలో బయటపడితే స్నో. దీనికి పదహారు గళ్ల పట్టిక గీస్తారు, నేను గీయను. విడివిడిగా లెక్కవేసి గుణిస్తాను. రెండింటికీ హెట్ అయిన జంటలో 1/4 × 1/4, అంటే గుడ్డుకు 16లో ఒక అవకాశం.

అభ్యాసం: తల్లి అమెల్, పైగా హెట్ అనెరీ. తండ్రి మామూలుగా కనిపిస్తాడు, రెండింటికీ హెట్. 14 గుడ్లు. ఒక్క స్నో కూడా రాకపోయే అవకాశం ఎంత? ఈ జంటకు పుట్టగల నాలుగు రకాల పిల్లలకూ డబ్బా మీద అతికించే చీటీ రాయండి. ఏది కచ్చితమైన హెట్, ఏది 66 శాతమో విడివిడిగా ఉండాలి.