ఊపిరితిత్తి ముక్క పరీక్ష: అరుదైన ముప్పులు, తోడుగా వచ్చినవారు చేయవలసినవి

సీటీ స్కాన్‌లో చూస్తూ ఊపిరితిత్తి గడ్డనుంచి సూదితో ముక్క తీయించుకోవడానికి ఉదయగిరి, వింజమూరు వైపు నుంచి నెల్లూరు వచ్చే కుటుంబాలు తరచుగా అడిగేది, సాయంత్రం బస్సుకు వెళ్లిపోవచ్చా అని. వీలైతే ఆ రాత్రి నెల్లూరులోనే ఉండండి.

ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం అరుదు కాదు. నూటికి 15 నుంచి 25 మందిలో కనిపిస్తుంది, చాలామందికి దానంతటదే తగ్గుతుంది, కొందరికే ఆ గాలి బయటికి పోవడానికి ఛాతీలో గొట్టం వేయవలసి వస్తుంది. అయితే మొదటి ఎక్స్‌రే బాగున్నా కొన్ని గంటల తరువాతో మరునాడో గాలి చేరవచ్చు. మెడ దగ్గర చర్మం ఉబ్బి, వేలితో నొక్కితే ఉప్పు రాళ్లు నలిగినట్టు చిటపటలాడితే, గాలి చర్మం కిందికి వచ్చిందని అర్థం.

అన్నిటికంటే అరుదైనదీ, అన్నిటికంటే భయపడవలసినదీ రక్తంలోకి గాలి బుడగ పోవడం. సూది మొన ఊపిరితిత్తి సిరలో ఉండగా, లోపలి సన్నని కడ్డీని బయటికి తీసిన ఆ ఒక్క క్షణంలో రోగి దగ్గినా, గట్టిగా గాలి పీల్చినా, బయటి గాలి సిరలోకి చొరబడి గుండె ఎడమ భాగం గుండా మెదడుకో, గుండె రక్తనాళాలకో చేరుతుంది. అందుకే డాక్టరుగారు కడ్డీ తీయగానే సూది నోటిని వేలితో మూయడమో, దాని మీద సెలైన్ చుక్క నిలపడమో చేస్తారు. మీ వంతుగా, దగ్గు ఉంటే ముందే చెప్పండి. పెద్దవారికి చెవులు సరిగా వినపడకపోతే అది కూడా తప్పక చెప్పండి, ఎందుకంటే ‘ఊపిరి బిగబట్టండి’ అన్న మాట వినపడకపోవడమే ప్రమాదం. ముందురోజు ఇంట్లో మామూలుగా ఊపిరి పీల్చి, ప్రతిసారీ అంతే పీల్చి, కాసేపు ఆపడం సాధన చేయించండి.

పరీక్ష మధ్యలో గానీ వెంటనే గానీ మాట తడబడినా, ఒక చేయి పట్టు తప్పినా, మూర్ఛ వచ్చినా, లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించబోవద్దు. పడుకోబెట్టే ఉంచి సిబ్బందిని పిలవండి, వారు నూరు శాతం ఆక్సిజన్ పెడతారు.

దగ్గులో రక్తం ఎక్కువగా పడితే సూది గుచ్చిన వైపు కిందికి వచ్చేలా పడుకోబెడతారు, మంచి ఊపిరితిత్తిలోకి రక్తం చేరకుండా. పక్కటెముక కింది అంచున నడిచే ధమని తెగితే మాత్రం రక్తం ఛాతీలోపలే నిండుతుంది, బయటికి ఏమీ కనపడదు. ముఖం పాలిపోయి చెమటలు పడితే ఆలస్యం చేయకూడదు. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే డాక్టరుగారికి ముందే చూపించాలి, సొంతంగా ఆపకూడదు.

సూది తగిలితే గడ్డ పాకుతుందని పరీక్షే వద్దనేవారు మనవైపు చాలామంది ఉన్నారు. సూది దారిలో క్యాన్సర్ కణాలు నాటుకోవడం వెయ్యిమందిలో ఒకరికన్నా తక్కువ. ఆ భయంతో రోగం పేరు తెలియకుండా నెలలు గడపడం ఎంతో నష్టం.

ఇంటికి వెళ్లాక ఆయాసం మొదలైతే 108కి ఫోన్ చేసి, ఊపిరితిత్తికి సూది పరీక్ష ఎప్పుడు, ఏ వైపు చేశారో ముందుగా చెప్పి, డిశ్చార్జి కాగితం అంబులెన్సు సిబ్బంది చేతికివ్వండి.