షుగర్ ఉన్నవారి పాదాల స్పర్శను ఇంట్లోనే పరీక్షించడం ఎలా?

మధుమేహం ఏళ్ల తరబడి అదుపు తప్పి ఉంటే కాళ్ళ నరాలు దెబ్బతింటాయి. ఆ మొద్దుబారడం కాలివేళ్ళ కొనల దగ్గర మొదలై, మేజోడు తొడిగినట్టుగా మెల్లగా పైకి పాకుతుంది. నొప్పి తెలిస్తే మనిషి జాగ్రత్తపడతాడు. నొప్పే తెలియనివాడు తుమ్మముల్లు దిగిన కాలితోనే చేను చుట్టి వస్తాడు, మే నెల ఎండకు కాగిన కడప బండల మీద అరికాలు బొబ్బలెక్కినా దాని మీదే నడుస్తాడు, చివరికి చెప్పుకు అంటిన చీము చూసి ఇంట్లోవాళ్ళు ఆసుపత్రికి తీసుకువస్తారు. అనంతపురం జిల్లాలో స్టాఫ్ నర్సుగా డ్రెస్సింగ్ గదిలో పనిచేసిన ఏళ్లలో నేను కట్టు కట్టిన కాళ్ళలో ఎక్కువ భాగం ఇలా వచ్చినవే. వాటిలో చాలావాటిని ముందే గుర్తుపట్టడానికి ఒక నిమిషం పరీక్ష చాలు, అయితే దానిని సరిగ్గా చేసేవారు తక్కువ.

కావలసినవి ఒక మంచం, మంచి వెలుతురు, కాగితం, పెన్ను. పరీక్షించేవారి చూపుడువేలి గోరు కత్తిరించి ఉండాలి. మేజోళ్ళు తీయించి, పాదాలు తుడిచి, పెద్దాయనను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టండి. కుర్చీలో కూర్చోబెట్టి చేయవద్దు, కూర్చున్న మనిషి తల వంచి కాళ్ళవైపు చూడకుండా ఉండలేడు. ఉదయం స్నానానికి ముందే, కాళ్ళకు నూనె రాయకముందే చేయాలి. పాదానికి పుండు, బొబ్బ, చీము కనిపిస్తే మాత్రం పరీక్ష పక్కన పెట్టి ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.

ముందుగా ఆయన కుడికాలిని గట్టిగా పట్టుకుని ‘ఇది కుడి’ అనీ, ఎడమకాలిని పట్టుకుని ‘ఇది ఎడమ’ అనీ చెప్పండి. ఆ తర్వాత కళ్ళు మూసుకోమని, స్పర్శ తెలిసిన ప్రతిసారీ ‘కుడి’ లేదా ‘ఎడమ’ అని మాత్రమే చెప్పమనండి. తాకవలసినవి ఆరు వేళ్ళ కొనలు. కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, తర్వాత కుడి మధ్యవేలు, చివరగా ఎడమ మధ్యవేలు.

అందరూ తప్పు చేసేది తాకడం దగ్గరే. ఈగ వాలినంత తేలికగా, ఒకటి రెండు సెకన్లు వేలు ఆనించి తీసేయాలి. నొక్కకూడదు, తట్టకూడదు, రుద్దకూడదు, గోరు తగలకూడదు. గట్టిగా నొక్కినప్పుడు కాలివేలు కదులుతుంది, దానితోపాటు కీలు కదులుతుంది, చర్మం పూర్తిగా మొద్దుబారినా ఆ కదలిక లోపలి నుంచి మనిషికి తెలిసిపోతుంది. ఆయన ‘కుడి’ అంటాడు, మీరు సంతోషిస్తారు, పరీక్ష మాత్రం తప్పిపోయినట్టే. వేలి బరువు ఎంత ఉండాలో తెలియకపోతే పళ్ళెంలో జొన్నపిండి పలచగా పరిచి దాని మీద వేలు ఆనించి చూడండి. పిండి మీద వేలిముద్ర గీతలు పడాలి, గుంట పడకూడదు. నేను ఆశా కార్యకర్తలకు నేర్పినప్పుడు ఈ పిండి పళ్ళెం దాటనివారిని రోగి కాలి దగ్గరికి వెళ్ళనివ్వలేదు.

ఒక్కో వేలికి ఒక్కటే అవకాశం. జవాబు రాకపోతే మళ్ళీ తాకకూడదు, కాగితం మీద ‘తెలియలేదు’ అని రాసుకుని తర్వాతి వేలికి వెళ్ళాలి. చెప్పినంత సులువు కాదు ఇది. ఒకసారి ఒక ఇంట్లో కూతురు తండ్రి కాలివేలిని తాకి, ఆయన పలకకపోయేసరికి మరికొంచెం నొక్కి, ‘నాయనా, తెలుస్తాండాదా?’ అని అడిగింది. ఆయన వెంటనే ‘తెలుస్తాంది మా’ అన్నాడు. ఆమె చేతిని పక్కకు జరిపి, ఏ వేలినీ తాకకుండానే అదే ప్రశ్న నేను అడిగాను. ఆయన మళ్ళీ ‘తెలుస్తాంది’ అన్నాడు. తండ్రికి తెలియాలన్న ఆశ కూతురి వేలిని బరువెక్కించింది, బిడ్డను బాధపెట్టకూడదన్న ప్రేమ తండ్రి చేత అవుననిపించింది. అందుకే పరీక్ష సాగుతున్నంతసేపు మీరు నోరు విప్పకూడదు. వేళ్ళను ఒకే తాళంలో వరుసగా తాకినా ఆయన అంచనా వేసి చెప్పేస్తాడు కాబట్టి, ఒక వేలికీ మరో వేలికీ మధ్య ఒకసారి ఐదు సెకన్లు, ఇంకోసారి పదిహేను సెకన్లు ఆగండి. చుట్టూ మనవళ్ళు నిలబడి ‘తాతా, కుడి’ అని అందించకుండా చూసుకోండి.

సూదితోనో చీపురు పుల్లతోనో గుచ్చి చూసే పద్ధతి మన వైపు ఇంకా ఉంది, దానిని వెంటనే మానుకోవాలి. నొప్పి తెలియని కాలికి సూదిపోటు అంటే మీ చేతులతో మీరే గాయం చేయడం. ఆసుపత్రుల్లో 10 గ్రాముల బరువుకు వంగే నైలాన్ పోగుతో పరీక్షిస్తారు. అది మంచి సాధనమే, కానీ ఇంట్లో ఉండదు, ఎక్కువసార్లు వాడితే అలిసిపోయి బరువు తప్పుతుంది. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి వైద్యులు ఈ వేలి పరీక్షను ఆ పోగుతో పోల్చి, ఫలితాలు దాదాపు సమానంగా ఉన్నాయని 2011లో ప్రచురించారు. ఇంటి పరీక్షకు ఇంతకంటే మంచిది నాకు కనిపించలేదు.

ఆరింటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే పాదాల రక్షక స్పర్శ, అంటే దెబ్బ తగలకుండా కాపాడే స్పర్శ, తగ్గిందని భావించి డాక్టరును కలవాలి. ఒక్కటే తప్పితే కంగారు అక్కర్లేదు, తర్వాతి సంప్రదింపులో ఆ కాగితం చూపించండి. ఆరూ తెలిసినా ఏడాదికోసారి డాక్టరు చేత పాదాలు చూపించుకోవాలి, ఇంట్లో మాత్రం మూడు నెలలకోసారి చేయాలి.

పోయిన స్పర్శను తిరిగి తెచ్చే మాత్ర లేదు. ప్రీగాబలిన్, డ్యులోక్సెటిన్ వంటి మందులు మంటను, పోట్లను తగ్గిస్తాయి తప్ప నరాన్ని బాగుచేయవు కాబట్టి, మంట తగ్గింది కదా అని చెప్పులు వదిలేయకూడదు. చక్కెరను అదుపులో ఉంచితే నష్టం ముందుకు సాగడం నెమ్మదిస్తుంది, చాలామందికి హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష, 7 శాతం లోపు ఉండాలన్నది లక్ష్యం. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గి, దానివల్ల కూడా కాళ్ళు మొద్దుబారవచ్చు, ఆ రక్తపరీక్ష గురించి డాక్టరును అడగండి.

స్పర్శ తగ్గిన కాలికి ఇంట్లోనూ చెప్పులు ఉండాలి, మెత్తని అడుగు ఉన్న ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులైతే మంచిది. స్నానం నీళ్ల వేడి ఇంకొకరు చేయి పెట్టి చూడాలి. తిమ్మిరికి వేడినీళ్ళ కాపడం పెట్టడం, ఆనెకాయను బ్లేడుతో కోయడం, దానికి మందు పట్టీ అతికించడం పూర్తిగా మానుకోవాలి. మొహర్రంకు మా అనంతపురం జిల్లా గూగూడులో అగ్నిగుండం తొక్కే మొక్కు ఉన్నవారు, ఎండవేళ గుడి ప్రాంగణంలో ప్రదక్షిణలు చేసేవారు ముందుగా ఈ పరీక్ష చేయించుకుని, స్పర్శ లేదని తేలితే ఆ మొక్కును ఇంట్లో మరొకరి చేత తీర్పించాలని చేతులెత్తి వేడుకుంటున్నాను.

పుండు పడితే దాని మీద బరువు పడకుండా చూడటమే చికిత్సలో సగం. మిగతా సగం చచ్చిన చర్మం తీయడం, ఇన్ఫెక్షన్ ఉంటే యాంటీబయాటిక్‌లు, కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో చూసి అవసరమైతే రక్తనాళాన్ని తెరవడం. నొప్పి లేకుండా ఒక పాదం మాత్రమే ఎర్రబడి, వేడెక్కి, వాచితే బెణికిందని నూనె రాసి తోమకండి. ఎముకలు లోపల దెబ్బతింటున్నాయేమోనన్న అనుమానంతో, ఆ కాలు కింద మోపనీయకుండా ఆ రోజే తీసుకువెళ్ళండి. ఏ వేళ్ళు తెలిశాయో, ఏవి తెలియలేదో తేదీతో సహా రాసిన కాగితాలను షుగర్ చీటీలతో పాటే ఒకే సంచిలో ఉంచండి, డాక్టరు ముందు మొదట వాటినే తీయండి.