ఇంట్లోనే కారు కడగడానికి ఏమేం కొనాలి? మన ఎర్రమన్ను దుమ్ముకు తగిన సామాన్లు

అనంతపురంలో కారు రెండు రోజులు బయట నిలబెడితే చాలు, బానెట్ మీద వేలితో పేరు రాయొచ్చు. ఆ పేరు రాసిన చోటే రంగు దెబ్బతినడం మొదలవుతుంది. మన ఎర్రమన్ను గ్రానైటు జాతి రాళ్లు అరిగి అయిన మన్ను. అందులోని సన్నని ఇసుక రేణువులు గాజు కన్నా గట్టివి. కారు రంగు మీద కంపెనీ వేసే పారదర్శకమైన పూత మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు, ఇంచుమించు తల వెంట్రుకంత. పొడిగుడ్డతో దులిపిన ప్రతిసారీ ఆ పూత మీద గీతలు పడతాయి. నీడలో కనబడవు, ఎండలోకి తీస్తే సాలెగూడు అల్లినట్టు మెరుస్తాయి.

అందుకే ఏ వస్తువు కొనబోయినా ఒక్కటే అడగండి: ఇది ఇసుకను రుద్దుతుందా, దింపుతుందా?

కొట్టుకు పోయే ముందు మీ నీళ్లు చూసుకోండి. బాత్రూం కొళాయి మూతికి తెల్లగా గార కట్టి ఉంటే, ఆ నీళ్లు కారు మీద ఆరినప్పుడు అదే గార చుక్కలు చుక్కలుగా మిగులుతుంది. తాగే నీళ్ల జాతీయ ప్రమాణం ప్రకారం కఠినత్వం, అంటే గార కట్టించే ఉప్పుల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. బోరు నీళ్లే దిక్కయితే ఎండలో మాత్రం కడగొద్దు, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ నీడలో పెట్టుకోండి. చాలా ఇళ్లల్లో ఆర్వో మిషన్ నుంచి పోయే నీళ్లను కారు కోసం పట్టి పెడతారు. నీళ్లు వృథా చేయకూడదన్న ఆలోచన గొప్పదే. కానీ తాగే నీళ్లలోంచి తీసేసిన ఉప్పులన్నీ చేరేది ఆ నీళ్లలోకే. వాటిని టైర్లకూ మడ్‌గార్డు లోపలికీ వాడండి, రంగు మీద పోయొద్దు. చివరి కడుగుకు కొళాయి నీళ్లు ఒక బకెట్ దాచుకోండి. ఏసీ పైపు నుంచి కారే నీళ్లలో ఉప్పులు దాదాపు ఉండవు, గుడ్డలో వడకట్టుకుంటే అద్దాలకు అవి చాలా బాగుంటాయి.

ఇక బకెట్లు. రెండు కావాలి, 15 లీటర్లు పట్టేవి, వేరే వేరే రంగులవి. ఒకదానిలో షాంపూ నీళ్లు, ఇంకొకదానిలో ఉత్త నీళ్లు. దీని మీద నేనింత గట్టిగా చెప్పడానికి కారణముంది. నా మొదటి కారు నల్లది. ఏడాదిపాటు ఒకే బకెట్, ఒక పాత తువ్వాలుతో కడిగాను. ఒకరోజు కడిగాక బకెట్ మెల్లగా ఒంపితే అడుగున రెండు చెంచాల ఎర్ర ఇసుక తేలింది. రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపితే గరగరలాడింది. అంతసేపూ నేను గుడ్డ ముంచి తీసింది ఆ ఇసుకలోనే. అప్పటికే డోర్ల నిండా గీతలు. ఉత్త నీళ్ల బకెట్ అడుగున, బియ్యం కడిగే జల్లి బుట్ట లాంటిది ప్లాస్టిక్‌ది ఒకటి బోర్లించండి. ఇసుక దాని కిందికి దిగిపోతుంది, మళ్లీ చేతికి రాదు.

చేత్తో గాలి కొట్టే రెండు లీటర్ల స్ప్రేయర్ ఒకటి కొత్తది కొనండి. పొలంలో మందు కొట్టిన డబ్బా ఎంత కడిగినా దీనికి వద్దు. రుద్దకముందే దుమ్మును నానబెట్టి జార్చడానికి, పైపు లేని ఇళ్లల్లో తక్కువ నీళ్లతోనే దీనితో పని అయిపోతుంది.

అసలు డబ్బు పెట్టాల్సింది గుడ్డల మీద. రుద్దడానికి స్పాంజి వద్దు, ఇసుక దాని ముఖానికే అతుక్కుని ఉంటుంది. పొడుగు పోగులున్న మైక్రోఫైబర్ గ్లౌజు తీసుకోండి, ఇసుక పోగుల లోపలికి పోతుంది, నీళ్లలో జాడిస్తే వదులుతుంది. తుడవడానికి మందపాటి మైక్రోఫైబర్ తువ్వాలు వేరే కావాలి. ప్యాకెట్ మీద జీఎస్ఎం అని ఉంటుంది, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాముల బరువో చెప్పే అంకె, 600 గానీ ఆ పైన గానీ చూడండి. కొట్టులో ఒప్పుకుంటే గాజు కౌంటర్ మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి గుడ్డ ఆనించండి. మంచిదైతే తాగేస్తుంది, నాసిరకం నీళ్లను అటూ ఇటూ తోస్తుంది. అంచు కుట్టు గరుకుగా ఉన్నదీ, లేబుల్ కుట్టినదీ వద్దు.

షాంపూ గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. కార్ షాంపూ అని రాసి, పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కానిది) అని ఉన్న చిన్న సీసా చాలు, కొలత సీసా మీద చెప్పినంతే. బట్టల పొడి, గిన్నెల సబ్బు మాత్రం వాడొద్దు, కారుకు వేసిన వ్యాక్స్‌ను, అంటే మైనపు పూతను, అవి లాగేస్తాయి. చక్రాలకు ఒక బ్రష్, ఒక పాత గుడ్డ విడిగా ఉంచండి. బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి వాటి మీదే ఉంటుంది. పాలిష్, నురగ గన్, టైర్ మెరుపు సీసాలు మొదటిసారే కొనొద్దు.

కడిగే వరస: ముందు చక్రాలు, తర్వాత చేతులు కడుక్కుని స్ప్రేయర్‌తో పైనుంచి కిందికి తడపడం, రెండు నిమిషాలు నాననివ్వడం, మళ్లీ నీళ్లు కొట్టి జార్చడం. అప్పుడు గ్లౌజు. టాప్, అద్దాలు, బానెట్, డోర్ల పైభాగం, చివరికి కింది అంచులు. ఒక్కో భాగం అయ్యాక గ్లౌజును ఉత్త నీళ్లలో జాడించి, పిండి, అప్పుడే షాంపూ నీళ్లలో ముంచండి. ఉత్త నీళ్లు ఎర్రబడితే మార్చేయండి. ఒక పక్క కడిగాక ఆరేలోపే నీళ్లు పోసి రెండో పక్కకు వెళ్లండి. చివరికి దాచిన నీళ్లు పోసి, తువ్వాలును పరిచి ఒత్తుతూ నీళ్లు పీల్చనివ్వండి. గుడ్డ నేల మీద పడితే దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసుకోండి, దులిపి మళ్లీ వాడొద్దు.

గుడ్డల్ని ఇంటి బట్టలతో కలపకుండా, కంఫర్ట్ లాంటివి వేయకుండా విడిగా ఉతకండి, లేకుంటే నీళ్లు తాగే గుణం పోతుంది. నీడలో ఆరేసి, మూతున్న డబ్బాలో పెట్టండి. మిద్దె మీద తీగకు వదిలేస్తే సాయంత్రానికి వాటి మీదా ఎర్రమన్నే.