108 ఎందుకు, 116 ఎందుకు: అంకె వెనక కారణం పట్టుకునే పద్ధతి

దసరాకి చెన్నైలో బొమ్మల కొలువు పెట్టిన ఇంటికి పేరంటానికి వెళ్తే, పిల్లలు బొమ్మలకంటే ముందు మెట్లు లెక్కపెడతారు. మూడో, అయిదో, ఏడో, తొమ్మిదో ఉంటాయి. "ఎనిమిది ఎందుకు పెట్టకూడదు తాతయ్యా?" అని అడిగితే "అలా పెట్టకూడదమ్మా" అనేస్తాం. ఆ పిల్ల అడిగింది చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు వెతకడానికి ఒక కాగితం, పెన్సిలు, ఇంట్లో పంచాంగం ఉంటే చాలు. ఆరో తరగతి లెక్కలు దాటి ఏమీ అక్కర్లేదు.

ముందు అంకెను విడగొట్టండి. 108 తీసుకుందాం. 2×2×3×3×3. ఈ ముక్కల్ని రకరకాలుగా కలిపి చూస్తే 27×4 వస్తుంది, 12×9 వస్తుంది. ఇప్పుడు పంచాంగం తెరవండి. నక్షత్రాలు 27, ఒక్కోదానికి పాదాలు 4. రాశులు 12, ఒక్కో రాశిలో పాదాలు 9. రెండు లెక్కలూ ఒకే దారిని కొలుస్తున్నాయి: చంద్రుడు ఆకాశంలో నడిచే దారి. ఆయన ఒక చుట్టు తిరిగి అదే నక్షత్రం దగ్గరికి రావడానికి సుమారు 27.3 రోజులు పడుతుంది, అందుకే 27 ముక్కలు. ఏడాదిలో పౌర్ణములు మామూలుగా పన్నెండు, కాబట్టి 12 ముక్కలు. ఒకే దారిని ఒకరు 27గా, ఇంకొకరు 12గా కోశారు. రెండు కోతలూ ఎక్కడా తేడా రాకుండా సరిపోవాలంటే దారిని కనీసం ఎన్ని సమభాగాలు చేయాలి? 27కీ 12కీ కనిష్ఠ సామాన్య గుణిజం (క.సా.గు.) కట్టండి. 108 వస్తుంది. 360 డిగ్రీలను 108తో భాగిస్తే 3 డిగ్రీల 20 నిమిషాలు, అదే ఒక పాదం. జపమాలలో ఒక్కో పూస తిప్పుతున్నప్పుడు చంద్రుడి దారిలో ఒక్కో పాదం దాటుతున్నామని పిల్లలకి చెప్పి చూడండి, వాళ్ల ముఖం వెలిగిపోతుంది.

ఈ క.సా.గు. పద్ధతి ఒక్క 108తో ఆగదు. షష్టిపూర్తినే చూడండి. గురుడు రాశిచక్రం చుట్టి రావడానికి దాదాపు 12 ఏళ్లు, శనికి దాదాపు 30 ఏళ్లు. రెంటికీ క.సా.గు. 60. ప్రభవ నుంచి అక్షయ దాకా 60 సంవత్సరాల పేర్లు ఈ లెక్కలో కుదురుతాయి. 1965-66లో వచ్చిన విశ్వావసు మళ్లీ 2025-26లో వచ్చింది. అప్పుడు పుట్టినవాళ్లకి పుట్టిన ఏడాది పేరు తిరిగి వచ్చింది కనుక దాన్ని రెండో పుట్టుకగా తలచి మళ్లీ తాళి కట్టిస్తాం. చెన్నైలో చాలామంది దీనికి తిరుక్కడైయూర్ వెళ్తారు. తమిళులు పేరు మార్చేది ఏప్రిల్ మధ్యలో, మనం ఉగాదికి. పేరు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఇక్కడ ఒక జాగ్రత్త. అసలు కొలతలు 11.86, 29.46 ఏళ్లు. అంటే 60 అన్నది గుండ్రం చేసిన లెక్క. పురాణ సంఖ్యల్లో ఇలా గుండ్రం చేయడం మామూలే కాబట్టి, దశాంశాలు కలవలేదని మంచి కారణాన్ని వదిలేయకండి.

క.సా.గు. పనిచేయని చోట శేషం చూడండి. ఏడు దీనికి తగిన ఉదాహరణ. కంటికి కనపడుతూ నక్షత్రాల మధ్య కదిలేవి ఏడు: సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని. బాబిలోను, గ్రీసు, మన దేశం, ఎవరు తల ఎత్తి చూసినా అవే ఏడు. మరి ఆదివారం తరవాత సోమవారమే ఎందుకు? కాగితం మీద నెమ్మదిగా కదిలేవాటి నుంచి వేగంగా కదిలేవాటి వరకు వరసగా రాయండి: శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. ఒక్కో గంటకి, అంటే ఒక్కో హోరకి, ఒక్కో అధిపతిని ఇస్తూ పోండి. శనివారం మొదటి గంట శనిది. ఎనిమిది, పదిహేను, ఇరవై రెండో గంటలూ శనివే. ఇరవై మూడు గురుడిది, ఇరవై నాలుగు కుజుడిది. మర్నాడు మొదటి గంట సూర్యుడిది, అందుకే ఆదివారం. 24ని 7తో భాగిస్తే శేషం 3, కనుక రోజూ మూడేసి స్థానాలు ముందుకు జరుగుతాం. సూర్యుడి నుంచి మూడు లెక్కపెడితే చంద్రుడు, అక్కడి నుంచి మూడు లెక్కపెడితే కుజుడు. వారం మొత్తం వచ్చేస్తుంది. ఏడుకి రాహుకేతువుల్ని కలిపితే తొమ్మిది, నవగ్రహాలు.

ఆకాశంలో కారణం దొరక్కపోతే నోటితో పలికి చూడండి. చైనా భాషలో నాలుగు పలికితే చావు అన్న మాట వినిపిస్తుంది, ఎనిమిది పలికితే కలిమి గుర్తొస్తుంది. బీజింగ్ ఒలింపిక్స్‌ను 2008 ఆగస్టు 8 రాత్రి 8 గంటలకు మొదలుపెట్టింది అందుకే. ఇటలీలో చెడ్డ అంకె 17. రోమన్ లిపిలో XVII అక్షరాలు అటూ ఇటూ మార్చితే 'విక్సి' అవుతుంది, లాటిన్‌లో 'నా బతుకు అయిపోయింది' అన్న అర్థం వస్తుంది. మనకేం తక్కువ లేదు. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా 'లాభం' అని మొదలుపెడతారు, ఏడు దగ్గరికి వచ్చాక 'ఆరున్నొక్కటి' అంటారు, ఏడు అంటే ఏడుపు వినిపిస్తుందని. ఆ ఇంట్లోనే సప్తపది నడుస్తారు, ఏడుకొండలవాడికి మొక్కుతారు. భయం అంకె మీద కాదు, గింజలు కొలిచే వేళ నోట్లోంచి వచ్చే మాట మీద. ఈ తేడా చెప్పకపోతే 'ఏడు శుభమా అశుభమా' అన్న పనికిరాని వాదం మొదలవుతుంది.

ఎనిమిది సంగతీ అంతే. చెన్నైలో బండి నంబరు అంకెలు కూడితే ఎనిమిది వస్తోందని చాలామంది వద్దంటారు. న్యూమరాలజీలో ఎనిమిదిని శనికి ఇచ్చారు, అక్కడి నుంచి వచ్చింది ఈ భయం. అదే ఊళ్లో బీసెంట్ నగర్ సముద్రం ఒడ్డున అష్టలక్ష్మి గుడి ఉంది. అష్టైశ్వర్యాలు కలగాలని మనమే దీవిస్తాం. కాబట్టి కొలువు దగ్గర ఆ పిల్లకి 'ఎనిమిది చెడ్డది' అని మాత్రం చెప్పకండి. బేసి సంఖ్యని రెండు సమభాగాలుగా పంచలేం, మధ్యలో ఒక మెట్టు నిలుస్తుంది. వంద ఇవ్వాల్సిన చోట నూటొక్కటి ఇవ్వడం వెనక ఉన్న భావన కూడా ఇదే. అది చాలు.

చెన్నైలో ఉన్నాం కనుక అక్షరాల లెక్కా నేర్చుకోవాలి. దాన్ని కటపయాది అంటారు. క నుంచి ఝ వరకు 1 నుంచి 9, ఞ సున్నా. ట నుంచి ధ వరకు 1 నుంచి 9, న సున్నా. ప నుంచి మ వరకు 1 నుంచి 5. య నుంచి హ వరకు 1 నుంచి 8. మార్గశిరంలో సభల్లో కచేరీ వినేటప్పుడు రాగం పేరులో మొదటి రెండు అక్షరాలు పట్టుకోండి. మేచకల్యాణి: మ 5, చ 6. తిప్పి చదివితే 65, అదే మేళకర్త సంఖ్య, అంటే 72 మూల రాగాల వరసలో దాని స్థానం. మాయామాళవగౌళ: మ 5, య 1, తిప్పితే 15. తిప్పడం మరిచిపోతే కల్యాణి 56 అయిపోతుంది, అందరూ చేసే తప్పు ఇదే. మేళకర్తలు 72 అవడానికి కారణం మధ్యమాలు 2, రిషభ గాంధారాల జతలు 6, ధైవత నిషాదాల జతలు 6, గుణిస్తే 72. మహాభారతానికి 'జయ' అన్న పేరుంది కదా, జ 8, య 1, తిప్పితే 18. పర్వాలు 18, యుద్ధం 18 రోజులు, అందులో దిగిన సైన్యం 18 అక్షౌహిణులు.

అక్షౌహిణి దగ్గర మాత్రం పెద్ద గొయ్యి ఉంది. రథాలు 21,870, ఏనుగులు 21,870, గుర్రాలు 65,610, కాల్బలం 1,09,350. ఏ సంఖ్యలో అంకెలు కూడినా 18 వస్తుందని అబ్బురంగా చెప్పుకుంటారు. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు భటులతో మొదలైన 'పత్తి' అనే చిన్న దళాన్ని ఏడుసార్లు మూడింతలు చేసి చివర పదింతలు చేస్తే అక్షౌహిణి అవుతుంది. అన్నిసార్లు మూడుతో గుణించిన సంఖ్య తొమ్మిది గుణిజం కాక తప్పదు, తొమ్మిది గుణిజాల్లో అంకెల మొత్తం 9, 18, 27 ఇలాగే వస్తుంది. మూడింతలు పెంచుతూ పోయిన సైన్యపు కట్టుదిట్టం నిజంగా మెచ్చుకోదగ్గది, అంకెల మొత్తం దాని వెనకాలే వచ్చిన నీడ. ఏ సంఖ్యకైనా అంకెలు కూడి మహత్తు చెబుతుంటే ముందు అది తొమ్మిదితో పోతుందేమో భాగించి చూడండి.

కొన్నిచోట్ల అంకె ముందు స్థిరపడి, జాబితా తరవాత దానికి సర్దుకుంటుంది. ట్రిప్లికేన్ పార్థసారథి కోవెల 108 దివ్యదేశాల్లో, అంటే ఆళ్వార్లు పాడిన విష్ణు క్షేత్రాల్లో, ఒకటి. ఈ 108లో 105 మన దేశంలో, ఒకటి నేపాల్‌లో ఉన్నాయి. మిగిలిన రెండు పాలకడలి, పరమపదం. ఈ భూమ్మీద లేవు. అహోబిలంలో నరసింహమూర్తులు తొమ్మిది ఉన్నా లెక్కలోకి వచ్చేది ఒక్క దివ్యదేశంగానే. ఇలాంటి జాబితా కనపడితే 'ఎందుకు 108 దొరికాయి' అని కాక 'ఎందుకు 108 దాకా లెక్కపెట్టారు' అని అడగాలి. జవాబు మళ్లీ నక్షత్ర పాదాల దగ్గరే ఉండవచ్చు.

ఇక మన నూట పదహార్లు. పెళ్లి చదివింపుల్లో తమిళ స్నేహితులు 101 ఇస్తే మనం 116 ఇస్తాం, కవరులో పెట్టడానికి అయిదు, రూపాయి బిళ్లలు వెతుక్కుంటాం. విడగొడితే 2×2×29. నక్షత్రం లేదు, రాశి లేదు, బేసి కూడా కాదు. ఇలా ఆకాశంలో ఏదీ దొరకనప్పుడు డబ్బు సంచిలో వెతకండి. నిజాం రాజ్యంలో చెల్లిన హాలీ సిక్కా వేరు, బ్రిటిష్ రూపాయి వేరు. ఏడు హాలీలకి ఆరు బ్రిటిష్ రూపాయలు మారకం. నూరు బ్రిటిష్ రూపాయలు కావాలంటే 100ని 7తో గుణించి 6తో భాగించండి: 116 రూపాయలు, పైన మూడింట రెండు వంతులు. లెక్క ముచ్చటగా కుదిరింది. అయితే హాలీ చలామణిలో లేని కోస్తాలోనూ 116 ఇస్తారు, కాబట్టి దీన్ని బలమైన ఊహగానే చెప్పండి.