"సైకాలజీ ప్రూవ్ చేసింది" అనే మాటని నమ్మే ముందు ఎలా చెక్ చేసుకోవాలి?

ఆడవాళ్లు ఎమోషనల్, మగవాళ్లు లాజికల్, ఇది పుట్టుకతోనే వస్తుంది అని ఎవరైనా రీసెర్చ్ పేరు చెప్పగానే మనం తలూపేస్తాం, ఆ రీసెర్చ్‌లో అసలు ఎవరున్నారని అడగం. అడగకపోవడం వల్లే ఎంతోమంది మీద, ముఖ్యంగా చిన్నపిల్లల మీద, ఊరికే ముద్రలు పడిపోతున్నాయి, నాకు బాధ అక్కడే. చెక్ చేయడానికి డిగ్రీ ఏం అక్కర్లేదు.

1. శాంపిల్ చూడండి

సమ్మరీ దగ్గర ఆగిపోకుండా పార్టిసిపెంట్స్ గురించి రాసిన చోటికి వెళ్లండి. ఎంతమంది, ఆడవాళ్లెంత మగవాళ్లెంత, ఏ దేశం, స్టూడెంట్సేనా? పైవాళ్లు చెప్తే మనిషి ఇంకొకరికి కరెంట్ షాక్ ఇవ్వడానికి కూడా ఒప్పుకుంటాడా అని చూడటానికి సైకాలజిస్ట్ స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసి 1963లో పబ్లిష్ చేసిన ప్రయోగంలో 40 మందీ మగవాళ్లే, కానీ దాన్ని "మనిషి ఆర్డర్‌కి ఎలా లొంగిపోతాడు" అని చెప్పుకుంటూ వచ్చారు. తర్వాత ఆడవాళ్లతో చేస్తే రిజల్ట్ దాదాపు అలాగే వచ్చింది, నిజమే, కానీ ఆ సంగతి చేసి చూశాకే కదా తెలిసింది.

2. కొలబద్ద ఎవరిదో అడగండి

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే, ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి. శాంపిల్‌లో అన్ని దేశాల వాళ్లనీ కూర్చోబెట్టినా, కొలిచే పద్ధతి ఒక చోటదే అయితే లాభం లేదు.

పాపకి అమ్మతో ఉన్న అనుబంధం ఎలాంటిదో కొలవడానికి సైకాలజిస్ట్ మేరీ ఐన్స్‌వర్త్ అమెరికాలో తయారు చేసిన స్ట్రేంజ్ సిచ్యుయేషన్ అనే టెస్ట్ చూడండి. ఏడాది దాటిన పాపని బొమ్మలున్న కొత్త గదిలో కూర్చోబెడతారు, కొత్త మనిషి వస్తుంది, అమ్మ బయటికి వెళ్తుంది, కాసేపటికి తిరిగొస్తుంది, అప్పుడు పాప ఏం చేసిందనేది ముఖ్యంగా గమనిస్తారు. అమ్మ దగ్గరికి వెళ్లి ఊరుకుంటే సెక్యూర్, పట్టించుకోకపోతే అవాయిడెంట్, ఎంతకీ ఊరుకోకపోతే రెసిస్టెంట్. ఇదే టెస్ట్ జపాన్‌లో సప్పోరోలో చేస్తే రెసిస్టెంట్ పిల్లలు ఎక్కువ తేలారు, ఎందుకంటే అక్కడ ఆ వయసులో అమ్మ పక్కన లేకుండా ఉండటమే అరుదు, పాపకి అది మామూలు పరీక్ష కాదు, పెద్ద షాక్. జర్మనీలో బీలెఫెల్డ్‌లో దాదాపు సగం మంది అవాయిడెంట్ అని తేలారు, అక్కడేమో పిల్లలు తొందరగా సొంతంగా ఉండటం నేర్చుకోవాలని పెద్దవాళ్లు కోరుకుంటారు. మరి లోపం పిల్లల్లో ఉందా, కొలతలో ఉందా?

అలాగని "జపాన్ పిల్లలు ఇంతే" అని కూడా అనేయకండి. 1988లో వాన్ ఐజెండూర్న్, క్రూనెన్‌బర్గ్ అనే ఇద్దరు రీసెర్చర్లు ఈ టెస్ట్ మీద 8 దేశాల్లో జరిగిన 32 స్టడీలు కలిపి చూస్తే, దేశానికీ దేశానికీ మధ్య ఉన్న తేడా కన్నా ఒకే దేశంలో ఉన్న తేడా దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ.

3. తేడాని పెంచారా, తుడిచేశారా?

బయాస్ రెండు వైపులా ఉంటుంది. లేని తేడాని పెద్దది చేసి చూపిస్తే ఆల్ఫా బయాస్, ఉన్న తేడాని లేదన్నట్టు వదిలేస్తే బీటా బయాస్. మనిషిలో మంచీచెడూ ఆలోచించే తీరు ఎలా ఎదుగుతుందో చెప్పే దశల్ని సైకాలజిస్ట్ కోల్‌బర్గ్ అబ్బాయిల మీదే స్టడీ చేసి కట్టాడు, ఇది బీటా బయాస్. అమ్మాయిలు ఇతరుల బాగోగుల వైపు నుంచి ఆలోచిస్తారు, ఆ స్కేల్ దాన్ని తక్కువగా చూస్తోందని 1982లో కరోల్ గిలిగన్ అనే సైకాలజిస్ట్ గట్టిగా అడిగింది, అడగాల్సిన ప్రశ్నే. కానీ 1984లో వాకర్ అనే రీసెర్చర్ అప్పటిదాకా వచ్చిన స్టడీలన్నీ చూస్తే ఆడా మగా స్కోర్ల తేడా చాలా తక్కువే కనిపించింది. అందుకని తేడా ఉందని చదివితే ఎంత ఉందో కూడా చూడండి.

4. "జీన్స్ వల్లే" అంటే కంగారుపడకండి

హెరిటబిలిటీ 50 శాతం అంటే మీ తెలివిలో సగం జీన్స్‌ది అని కాదు, ఆ గుంపులో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో అంత భాగం జీన్స్ తేడాలతో ముడిపడి ఉందని. చేతికి ఐదు వేళ్లు రావడం జీన్స్ పనే, కానీ వేళ్ల సంఖ్యలో తేడాలు ఎక్కువగా ప్రమాదాల వల్ల వస్తాయి కాబట్టి దాని హెరిటబిలిటీ చాలా తక్కువ. జీన్ ఉంటే మార్చలేం అన్నది కూడా తప్పు, ఫినైల్‌కీటోన్యూరియా అనే జన్యు జబ్బు ఉన్న బిడ్డకి పుట్టగానే తిండి మార్చేస్తే మెదడు దెబ్బతినకుండా కాపాడొచ్చు.

ఆ శాతం గుంపుని బట్టి మారుతుంది కూడా. 2003లో టర్క్‌హైమర్ టీమ్ అమెరికాలో ఏడేళ్ల కవలల్ని చూస్తే ఐక్యూ హెరిటబిలిటీ డబ్బున్న కుటుంబాల్లో ఎక్కువ, పేద కుటుంబాల్లో సున్నాకి దగ్గర. అందుకే కవలల స్టడీ కనపడితే శాతం కన్నా ముందు వాళ్లు ఎలాంటి ఇళ్లలో పెరిగారో వెతకండి.