సిస్టమ్ వేడెక్కడం వేరు, టక్కున ఆగిపోవడం వేరు

మాది ఖమ్మం. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఈ మధ్యే వీడియో ఎడిటింగ్ కూడా మొదలుపెట్టాను. పని అంతా డాబా మీద గదిలోనే. మే నెల మధ్యాహ్నం ఆ గదిలో థర్మామీటర్ 39 చూపిస్తుంది. సిస్టమ్ నేనే బిగించుకున్నాను. 2020 జనవరిలో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి పార్టులు తెచ్చుకున్నాను: రైజెన్ 5 3600 ప్రాసెసర్, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్ కార్డు, 16 జీబీ ర్యామ్. పార్టులన్నిటికీ కరెంటు పంచే డబ్బా, ఎస్ఎంపీఎస్, మాత్రం విడిగా కొనలేదు. కేబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చిందే పెట్టేశాను. కక్కుర్తి నాదే, ఎవరినీ అనడానికి లేదు.

పోయిన ఎండాకాలం సిస్టమ్ ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. నీలం స్క్రీన్ లేదు, ముందు చెప్పడం లేదు. ఫ్యాన్లు కూడా ఒక్కసారిగా ఆగిపోయి గది నిశ్శబ్దం. అవతల పెళ్లికూతురి అన్నయ్య ఫోన్: "అన్నా, వీడియో రేపిస్తనన్నవ్ గదా?" ఎండాకాలం కాబట్టి వేడే అనుకున్నాను. ప్రాసెసర్‌కీ దాని మీది కూలర్‌కీ మధ్య పూసే పేస్ట్ మార్చాను. వారం తర్వాత మళ్లీ మార్చాను. ప్రాసెసర్‌కి పెద్ద కూలర్ కొన్నాను. ఒక షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయిందన్నారు. అదృష్టం కొద్దీ ఆ రోజు చేతిలో డబ్బుల్లేవు.

చివరికి తేలిందేమిటంటే, నా సిస్టమ్‌కి ఉన్న జబ్బు ఒకటి కాదు. వేడి ఒకటి, ఆగిపోవడం ఇంకొకటి. రెండూ ఒకే ఎండాకాలంలో బయటపడ్డాయి కాబట్టి ఒకటే అనుకున్నాను. మీరు స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు వీటిని విడదీయండి.

ముందు ఒక నోటుబుక్ పెట్టండి. ఎన్ని గంటలకు ఆగింది, అప్పుడు ఏం చేస్తున్నారు, ఎలా ఆగింది. ఈ మూడే రాయండి. నెమ్మదించి, మౌస్ ఈడ్చుకుంటూ, ఫ్యాన్ల హోరు పెరిగితే అది వేడి లక్షణం. ప్రాసెసర్ వేడెక్కగానే చచ్చిపోదు. ముందు వేగం తగ్గించుకుంటుంది. నా 3600కి ఆ గీత 95 డిగ్రీల దగ్గర. అలా తగ్గించుకున్నా ఆగకుండా ఇంకా బాగా పైకి పోతేనే తనను తాను ఆపుకుంటుంది. కాబట్టి ఏమీ నెమ్మదించకుండా, పరుగెత్తుతున్నది పరుగెత్తుతున్నట్టే టక్కున ఆగితే వేడి మీద అనుమానం తగ్గించుకోండి. నీలం స్క్రీన్ వస్తే ర్యామ్, డ్రైవర్ల సంగతి చూడాలి. దానికి రాత్రి పడుకునే ముందు ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి వదిలేయండి.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే సిస్టమ్ లాగ్‌లో 'కెర్నల్ పవర్ 41' అని ఎర్ర గుర్తు కనిపిస్తుంది. పవర్ అని ఉంది కదా, ఎస్ఎంపీఎస్సే అని తేల్చేయకండి. అది చెప్పేది ఇంతే: పోయినసారి సరిగా షట్‌డౌన్ కాలేదు. ప్లగ్ పీకేసినా అదే రాస్తుంది. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉందా లేదా అన్నదే పనికొచ్చే ముక్క. సున్నా కాకపోతే నీలం స్క్రీన్ పడిందన్నమాట. నాకు ప్రతిసారీ సున్నానే.

ఇక నా కళ్లు తెరిపించింది హెచ్‌డబ్ల్యుఇన్ఫో అనే ప్రోగ్రామ్. ఉచితంగా దొరుకుతుంది. సెన్సర్ల కిటికీ తెరిచి, కింద లాగింగ్ బటన్ నొక్కితే రెండు సెకన్లకోసారి ఉష్ణోగ్రతలన్నీ ఒక ఫైల్‌లో రాసుకుంటూ పోతుంది. సిస్టమ్ ఆగిపోయాక మళ్లీ ఆన్ చేసి, ఆ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి అట్టడుగు వరుస చూడండి. ప్రాణం పోయే ముందు చివరి మాట అదే. నా ఫైల్‌లో చివరి వరుస: ప్రాసెసర్ 74, గ్రాఫిక్ కార్డు 69. ఆ అంకెలు చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. 74 డిగ్రీలకి నా ప్రాసెసర్ ఆగిపోదు. రెండుసార్లు మార్చిన పేస్టు, కొత్త కూలరు ఆగిపోయే జబ్బుకి మందే కాదన్నమాట.

నోటుబుక్ కూడా అదే చెప్పింది. నాలుగుసార్లూ వీడియో ఎక్స్‌పోర్ట్ చేస్తుండగానే, అంటే ఎడిట్ చేసినదాన్ని చివరి ఫైల్‌గా మారుస్తుండగానే. ఫోటోషాప్‌లో ఒక్కసారి కూడా లేదు. ఏళ్ల తరబడి ఆల్బమ్‌లు చేసినన్నాళ్లూ గ్రాఫిక్ కార్డు దాదాపు నిద్రపోతూనే ఉండేది. వీడియోల పని వచ్చాక ప్రాసెసర్, కార్డు రెండూ ఒకేసారి బరువు ఎత్తుతున్నాయి. నిర్ధారణకి ఇలా చేయండి: సినీబెంచ్ పది నిమిషాలు నడపండి, అది ప్రాసెసర్‌కి. అది ఆపి ఫర్‌మార్క్ పది నిమిషాలు, ఇది కార్డుకి. తర్వాత రెండూ కలిపి. విడివిడిగా నిలబడి, కలిపి పెట్టగానే పడిపోతే ముందు ఎస్ఎంపీఎస్‌ని పట్టుకోండి. నాది కలిపి పెట్టిన నలభై సెకన్లకి పోయింది.

ఎస్ఎంపీఎస్ మీద స్టిక్కర్ చదవడం నేర్చుకోండి, పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లు కాదు. నాదాని మీద 450 అని ఉంది. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు. పన్నెండు పదహార్లు 192. ప్రాసెసర్‌కీ కార్డుకీ తిండి పెట్టేది ఈ 12 వోల్టుల లైనే. నా ప్రాసెసర్ 65 వాట్లదని పేరుకే గానీ పూర్తి బరువు మీద 88 దాకా లాగుతుంది, కార్డు 125. రెండూ కలిపి 213. 192 ఇచ్చేదాని నుంచి 213 లాగుతున్నాను, ఫ్యాన్లు, హార్డ్ డిస్కులు కాక. పైగా దానికి గ్రాఫిక్ కార్డు పిన్ను కూడా లేదు. మోలెక్స్ అనే పాత రకం నాలుగు పిన్నుల వైర్లకి కన్వర్టర్ తగిలించి నడిపాను. ఆ కన్వర్టర్ మూల కాస్త గోధుమరంగు తిరిగి ఉంది. ఇన్నాళ్లూ కాలిపోకుండా ఉండడమే గొప్ప.

550 వాట్ల బ్రాంజ్ రేటింగ్ (కరెంటు ఎంత వృథా చేయదో చెప్పే గుర్తు) ఉన్నది, 12 వోల్టుల దగ్గర 40 ఆంపియర్ల పైన ఇచ్చేది తెచ్చాను. ఆగిపోవడం ఆ రోజుతో సరి. కొత్తది మాడ్యులర్, అంటే వైర్లు విడిగా ఊడదీసి గుచ్చుకునేది అయితే దాని వైర్లే వాడండి. వేరే కంపెనీ వైర్లు గుచ్చుకున్నా లోపల పిన్నుల వరస వేరేగా ఉండి డిస్కులు కాలిపోవచ్చు. పాతదాన్ని విప్పి బాగుచేద్దామని మాత్రం చూడొద్దు. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు మిగిలి ఉంటుంది. వెనక ఎర్ర స్విచ్ ఉంటే 230 మీదే ఉండాలి. మా తమ్ముడు ఊరికే 115కి జరిపి ఆన్ చేశాడు. దీపావళి ముందే వచ్చింది.

ఇప్పుడు వేడి సంగతి. అదేమీ ఉత్తుత్తి జబ్బు కాదు. కూలర్ మార్చకముందు ఎక్స్‌పోర్ట్‌లో 92 దాకా వెళ్లేది. దీనికి మొదటి పరీక్షకి పైసా ఖర్చు లేదు: కేబినెట్ పక్క డోరు తీసి, టేబుల్ ఫ్యాన్ లోపలికి తిప్పి, అదే పని మళ్లీ చేయండి. పది డిగ్రీలు పడిపోతే గాలి ఆడటం లేదని అర్థం. ఏమీ పడకపోతే కూలర్ సరిగా అతుక్కోలేదు. నాది పదమూడు పడింది. అంటే పేస్ట్ ముట్టుకోవాల్సిన అవసరమే లేదు! గది ఎంత వేడిగా ఉంటే లోపల దాదాపు అంత పెరుగుతుంది కాబట్టి మే నెల అంకెల్ని డిసెంబర్ అంకెలతో పోల్చి కంగారుపడకండి.

గాలి ఎటు పోతుందో చూడటానికి అగరుబత్తి వెలిగించి ఒక్కో ఫ్యాన్ దగ్గర పట్టుకున్నాను. ముందు ఫ్యాన్ల దగ్గర పొగ లోపలికి పోయింది, మంచిదే. వెనక ఫ్యాన్ దగ్గర కూడా లోపలికే పోయింది! 2020లో నేనే తిరగేసి బిగించాను. లోపలికి వచ్చిన వేడిగాలికి బయటికి దారే లేదు. ఫ్యాన్‌కి అడ్డంగా ప్లాస్టిక్ చట్రం ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది, అది గుర్తు పెట్టుకుంటే చాలు. నాలుగు స్క్రూలు తిప్పితే తొమ్మిది డిగ్రీలు తగ్గాయి. కంప్యూటర్ టేబుల్‌లో కేబినెట్ కోసం ఒక అర ఇస్తారు చూడండి, మూడు వైపులా చెక్క. అందులోంచి కూడా బయటికి తీసి పెట్టండి.

దుమ్ము దులిపేటప్పుడు పొడి పెయింట్ బ్రష్ వాడండి. బ్లోయర్ కొడితే ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి. లేకపోతే బొంగరంలా తిరిగి బేరింగులు పాడవుతాయి. అంతకుముందు ప్లగ్ పీకి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోవడం మరవొద్దు.

పేస్ట్ మార్చక తప్పకపోతే ఒక్క జాగ్రత్త. నా 3600 లాంటి ఏఎం4 సాకెట్ ప్రాసెసర్‌కి అడుగున సన్నని పిన్నుల కాళ్లు ఉంటాయి. ఎండిన పేస్ట్ మీద కూలర్‌ని నిటారుగా లాగితే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి కూలర్‌తో పాటే వచ్చేస్తుంది, కాళ్లు వంగుతాయి. ముందు ఐదు నిమిషాలు సినీబెంచ్ నడిపి పేస్ట్ మెత్తబడనిచ్చి, ఆఫ్ చేసి, స్క్రూలు విప్పాక కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ వదులు చేయండి. పేస్ట్ శనగగింజంత చాలు. స్క్రూలు ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెం బిగించండి. కొత్త కూలర్ అడుగున పల్చని ప్లాస్టిక్ పొర ఉంటుంది, తీశారో లేదో చూసుకోండి. నవ్వకండి, చాలామంది మరిచిపోతారు.

ఇంత చేశాక కూడా జూన్‌లో ఒక సాయంత్రం 7.40కి సిస్టమ్ పోయింది. గుండె జారింది. ఈసారి ఆగిపోలేదు, రీస్టార్ట్ అయింది. చూస్తే కాలనీ అంతా కరెంటు పోయింది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు ఖాళీని ఎస్ఎంపీఎస్ మిల్లీసెకన్ల లెక్కలోనే ఓర్చుకోగలదు. మా ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్ ఉంది, యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని. నార్మల్‌లో ఉంది. నార్మల్‌లో ఆలస్యంగా అందుకుంటుంది. బల్బులకీ ఫ్యాన్లకీ పర్లేదు, కంప్యూటర్‌కి పనికిరాదు. స్విచ్ జరిపాను. మర్నాడు మళ్లీ కరెంటు పోయింది, ట్యూబులైట్ ఒక్కసారి రెప్ప వేసింది, ఎక్స్‌పోర్ట్ 58 శాతం నుంచి 59కి పోయింది.